పెరటిలో నీరు దాచుకొను మొక్కలు: పెంపకము, సంరక్షణ

రాయలసీమ మెట్ట గ్రామములలోను, తెలంగాణ చెలక భూములలోను వేసవి వచ్చునప్పటికి పెరళ్ళు బోసిపోవుట మీరెరిగినదే. బావులు, బోర్లు అడుగంటును. ఇంటి వాడుకకే బిందెలు లెక్కపెట్టుకొను దినములలో పూలమొక్కలకు, కూరపాదులకు నీరు పోయుట ఎవరికిని సాధ్యము కాదు. అట్టి దినములలో కూడ పచ్చగా నిలుచు మొక్కలు కొన్ని కలవు. కలబంద, నల్లేరు, రణపాల, కిత్తనార, జెముళ్ళు ఈ కోవకు చెందినవి. వీని ఆకులలోగాని, కాడలలోగాని దళసరి కండ ఉండును. వానలలో దొరకిన నీటిని ఆ కండలో దాచుకొని, ఎండకాలములో కొద్దికొద్దిగా వాడుకొనును. నర్సరీలవారు వీనిని సక్యులెంట్లు అందురు.

ఇంత మొండి మొక్కలు కూడ చాల ఇండ్లలో చచ్చిపోవుచున్నవి. ఎందువలన అని అడిగినచో, "దినదినము నీరు పోసితిమి, ఎరువు వేసితిమి, అయినను కుళ్ళిపోయినది" అని చెప్పుదురు. అసలు కారణము ఆ మాటలోనే ఉన్నది. ఈ మొక్కలను చంపునది ఎండ కాదు, నీరు. ఈ ఒక్క విషయము మనస్సునకు పట్టినచో వీని పెంపకములో ముప్పాతిక భాగము నేర్చుకొన్నట్లే.

ఇవి ఎండకు ఎట్లు ఆగును?

సాధారణముగా మొక్కలు పగటివేళ ఆకులపై నుండు సన్నని రంధ్రములను తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొనును. ఆ రంధ్రములనుండియే లోపలి నీరు ఆవిరియై పోవును. అందుచేతనే ఎండలో వంగమొక్క వాడిపోవును. కండగల మొక్కలలో అనేకము దీనికి విరుద్ధముగా నడచుకొనును. ఇవి పగలు రంధ్రములను మూసికొని, చల్లబడిన తరువాత రాత్రివేళ తెరచును. రాత్రి తీసికొన్న వాయువును పులుసు రూపమున కండలో నిలువచేసి, మరునాడు సూర్యరశ్మి సహాయముతో ఆహారముగా మార్చుకొనును.

ఈ సంగతిని మొదట గమనించినవారిలో ఒకరు మన ప్రాంతముతో సంబంధము గలవారే. ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోట మొక్కల తోటలో పనిచేసిన బెంజమిన్ హైన్ అను వృక్షశాస్త్రవేత్త రణపాల ఆకును వేర్వేరు వేళలలో నమలి చూచెను. ఉదయము పుల్లగాను, మధ్యాహ్నమునకు చప్పగాను, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉన్నదని వ్రాసెను. ఆయన వ్రాసిన ఉత్తరము 1815లో లండనులోని లిన్నియన్ సొసైటీ వారి సంపుటములో అచ్చయినది. రాత్రి చేరిన పులుసు పగలు ఖర్చగుటయే ఈ రుచి మార్పునకు కారణము. ఆయన చేసిన పరీక్షను మీరు చేయనక్కరలేదు. రణపాలలో విషపదార్థములు కలవు.

దీనివలన మీరు గ్రహింపవలసిన దేమనగా, ఈ మొక్కలు నీటిని పొదుపుగా వాడుకొనును, నెమ్మదిగా పెరుగును. వంగమొక్క రెండు దినములలో త్రాగు నీటిని ఇవి రెండు వారములకు గాని ముగింపవు. మీరు అదనముగా పోసిన నీరు నేలలోనే నిలిచిపోవును. మట్టి సందులలోని గాలి వెడలిపోయి, వేరు ఊపిరాడక కుళ్ళును. వేరు కుళ్ళిన మొక్కకు తడినేలలో ఉన్నను నీరు అందదు. ఆకు వడలును. అది దాహమని భ్రమించి ఇంకను నీరు పోయుదురు. ఆ విధముగా అది చచ్చును.

మనకు తగిన రకములు

చలిదేశములలో మొండి మొక్క అనగా మంచునకు ఆగునది. మనకు మంచు బెడద లేదు. రోహిణి కార్తె ఎండకును, ఆ వెనుక వచ్చు వానల ముసురునకును ఆగునదియే మనకు మొండి మొక్క. ఈ భేదము తెలియక చాలమంది డబ్బు పోగొట్టుకొనుచున్నారు. గులాబిపువ్వు ఆకారమున రేకులవలె ఆకులు పేర్చినట్లుండు ఎచవేరియా, సెంపర్వైవమ్ వంటి మొక్కలు పట్టణములలో చిన్న చిన్న కుండీలలో అమ్ముదురు. మొదటిది మెక్సికో ఎత్తు ప్రదేశములది, రెండవది ఐరోపా కొండలది. పగలు ఎండ, రాత్రి చల్లదనము వానికి అలవాటు. మన వేసవిలో రాత్రులు కూడ వేడిగా ఉండుటచేత అవి నీరసించి, మొదటి ముసురులోనే కుళ్ళును. మొదటిసారి పెంచువారు వీనిజోలికి పోకుండుట మేలు.

మీ పొరుగువారి పెరటిలో పదేండ్లుగా బ్రతికియున్న మొక్కయే మీకు తగిన మొక్క. దానినుండి ఒక పిలకగాని, కొమ్మగాని అడిగి తెచ్చుకొనుడు. ఖర్చు లేదు, మోసము లేదు.

స్థలము, నేల

రోజునకు కనీసము ఐదారు గంటలు ఎండ తగులు చోటు కావలెను. నీడలో పెంచినచో కాడలు సన్నగా సాగి, పాలిపోయి, వాలిపోవును. కలబందకు, రణపాలకు మధ్యాహ్నపు వేళ కొంచెము నీడ ఉన్నను బాధ లేదు. చూరునీరు పడుచోటును, స్నానపు నీరు పారుచోటును విడిచిపెట్టవలెను.

నేల సారవంతము కాకున్నను చింత లేదు గాని, నీరు నిలువరాదు. దీనిని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. అడుగు లోతు, అడుగు వెడల్పు గల గుంట త్రవ్వి నిండుగా నీరు పోయుడు. రెండు గంటలలో ఇంకిపోయినచో ఆ స్థలము మంచిది. మరునాటికి కూడ నీరు నిలిచియున్నచో అక్కడ నేలలో నాటవద్దు.

ఎర్రనేలలు, గరప నేలలు, రాళ్ళు కలిసిన చెలకలు ఈ పరీక్షలో సాధారణముగా నెగ్గును. నల్లరేగడి నెగ్గదు. రేగడి గలవారు నిరాశపడ నక్కరలేదు. రాళ్ళు అంచుగా పేర్చి, ఒక అడుగు నుండి అడుగున్నర ఎత్తు మడి కట్టుకొనవలెను. ఆ మడిని ఎర్రమట్టి, ముతక ఇసుక, పగిలిన ఇటుక ముక్కలు కలిపి నింపవలెను. పాత ఇల్లు పడగొట్టినప్పుడు మిగులు ఇటుక, పెంకు ముక్కలు ఇందులకు బాగుగా పనికివచ్చును.

కుండీలలో పెంచువారు ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక రెండు పాళ్ళు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుకొనవలెను. గోడపూతకు వాడు సన్న ఇసుక వలదు. అది మట్టితో కలిసి గట్టిపడును. మట్టికుండీ శ్రేష్ఠము, దాని గోడల గుండ కూడ తడి ఆరును. పాత నూనె డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు వాడదలచినచో అడుగున నాలుగైదు రంధ్రములు చేయవలెను. రంధ్రము లేని కుండీలో ఈ మొక్క నాటుట దానిని నూతిలో దింపుటయే. కుండీ క్రింద పళ్ళెము పెట్టి అందులో నీరు నిలుపుట కూడ తప్పు.

నాటుట

తొలకరి వానలు పడి, నేల వేడి చల్లారిన పిదప, అనగా మృగశిర, ఆరుద్ర కార్తెలలో నాటుట అనుకూలము. నీటి వసతి గలవారు ఫిబ్రవరి, మార్చి నెలలలో కూడ నాటవచ్చును. ముసురు పట్టియున్నప్పుడు నాటరాదు.

ఈ మొక్కలను నాటుటలో ముఖ్యమైన నియమము గాయమును ఆరనిచ్చుట. కోసిన కొమ్మనుగాని, వేరుచేసిన పిలకనుగాని వెంటనే మట్టిలో పెట్టవద్దు. నీడలో, గాలి తగులుచోట ఉంచవలెను. కలబంద పిలకకు రెండు మూడు దినములు, జెముడు ముక్కలకు వారము నుండి రెండు వారములు చాలును. గాయముపై ఎండిన పొర కట్టిన తరువాత నాటవలెను. పచ్చిగాయముతో తడిమట్టిలో పెట్టిన కొమ్మ కుళ్ళుట సహజము.

నాటునప్పుడు మొక్క మొదలు నేలమట్టమునకు కొంచెము ఎత్తుగా ఉండునట్లు చూడవలెను. ఆకుల మొదళ్ళు మట్టిలో పూడరాదు. నాటిన వెంటనే నీరు పోయరాదు. నాలుగైదు దినములు ఆగి, మొదటి తడి పలుచగా ఇయ్యవలెను.

నర్సరీనుండి తెచ్చిన మొక్కల విషయములో రెండు జాగ్రత్తలు అవసరము. కడియము వంటి చోట్లనుండి వచ్చు మొక్కల వేళ్ళచుట్టు ఒండ్రుమట్టి ముద్ద ఉండవచ్చును. అది ఒక్కసారి ఎండినచో రాయివలె గట్టిపడును, తడిసినచో వారము వరకు ఆరదు. ఆ ముద్దను మెల్లగా రాల్చి నాటవలెను. రెండవది, ఆ మొక్కలు నీడవలల క్రింద పెరిగియుండును. తెచ్చిన దినముననే ఎండలో పెట్టినచో ఆకులు కాలి తెల్లని, గోధుమరంగు మచ్చలు పడును. మొదటి వారము ఉదయపు ఎండలో మాత్రము ఉంచి, రెండవ వారము క్రమముగా పెంచవలెను.

నీరు పెట్టుట

దినములు లెక్కించి నీరు పోయుటకన్న మట్టిని చూచి పోయుట మంచిది. ఎండిన చీపురుపుల్లను కుండీలోనికి నాలుగు అంగుళములు గ్రుచ్చి, కొంతసేపు ఉంచి తీయుడు. పుల్లకు తడిమట్టి అంటియున్నచో నీరు అక్కరలేదు. పొడిగా వచ్చినచో పోయవచ్చును. పోయునప్పుడు కొంచెము కొంచెముగా గాక, కుండీ అడుగునుండి కారువరకు పోసి, మరల పూర్తిగా ఆరువరకు ఆగవలెను.

సుమారు లెక్క కావలెనన్నచో, వేసవిలో కుండీలకు వారమునకు ఒకసారి, నేలలో వేళ్ళూనిన కలబందకు పది పదిహేను దినములకు ఒకసారి చాలును. వానకాలములో నేలమొక్కలకు నీరు పోయనే వద్దు. చలికాలములో కుండీలకు మూడు వారములకు ఒకసారి పోసినను చాలును. కిత్తనార, నాగజెముడు మొదటి సంవత్సరము దాటిన పిదప వాననీటితోనే బ్రతుకును.

నీటిని మొదట్లో పోయవలెను. ఆకుల నడుమ గుంటలో నీరు నిలిచినచో అక్కడినుండియే కుళ్ళు మొదలగును. బియ్యము కడిగిన నీరు పోయవచ్చును. సబ్బునీరు, బట్టల సోడానీరు పోయరాదు. ఉప్పు పేరుకొని వేళ్ళు దెబ్బతినును.

మొక్క తన అవసరమును తానే తెలుపును. ఆకు పలుచబడి, ముడుతలు పడి, గట్టిగా ఉన్నచో దాహము. ఆకు పసుపుబారి, మెత్తబడి, మొదట నీరుకారి, చెడు వాసన వచ్చుచున్నచో కుళ్ళు. మొదటిదానికి నీరు మందు. రెండవదానికి నీరు విషము. దాహమైన మొక్క ఒక్క తడితో కోలుకొనును. కుళ్ళినది సులభముగా కోలుకొనదు. కావున సందేహము కలిగినప్పుడు నీరు పోయకుండుటయే క్షేమము.

ఎరువు

వీనికి ఎరువు స్వల్పముగా చాలును. సంవత్సరమునకు ఒకసారి తొలకరికి ముందు మొక్కకు రెండు పిడికెళ్ళు చివికిన పశువుల ఎరువుగాని, వానపాముల ఎరువుగాని మొదలుకు దూరముగా చల్లి మట్టితో కలుపుడు. పచ్చిపేడ వలదు. యూరియా వేసినచో కండ త్వరగా ఊరి, లేతబడి, వాన తగులగానే పగిలి కుళ్ళును.

ఏ మొక్క ఎట్లు పెంచవలెను?

కలబంద: పెరటికి మొదట వేయదగినది ఇదియే. తల్లిమొక్క చుట్టు వచ్చు పిలకలను, జానెడు ఎత్తు అయిన పిదప వేరుతో సహా తీసి, రెండడుగుల ఎడముగా నాటవలెను. ఎనిమిది నుండి పది నెలలకు ఆకు కోతకు వచ్చును. క్రింది ముదురు ఆకులు మాత్రము, ఒకసారి మూడు నాలుగుకు మించకుండ కోయవలెను. కోసిన ఆకును పదిహేను నిమిషములు నిలువుగా ఆనించి ఉంచినచో పసుపుపచ్చని చేదురసము కారిపోవును. ఆ రసము ఎండినదియే ముసాంబరము. అది తీవ్రమైన విరేచనకారి. గర్భిణీ స్త్రీలును, పిల్లలును దానిని తినరాదు. లోపలి తెల్లని గుజ్జును చర్మమునకు రాచుకొనవచ్చును. గట్టి ఎండలో ఆకులు ఎర్రబారుట తెగులు కాదు. వానలు పడగానే మరల పచ్చబడును.

నల్లేరు: నాలుగు పలకల కాడలతో కంచెపై ప్రాకు తీగ. జానెడు ముక్కను, ఒక కణుపు మట్టిలోనుండునట్లు గ్రుచ్చిన చాలును. కంచె కఱ్ఱకో, ఎండిన చెట్టుకో ప్రాకించవలెను. లేత కణుపులతో పచ్చడి చేయుట మన ఇండ్లలో అలవాటే. అయితే పచ్చికాడ చేతులకును, గొంతునకును దురద పెట్టును. చేతులకు నూనె రాచుకొని, అంచుల నార తీసి, ముక్కలను నూనెలో బాగుగా వేయించి, చింతపండుతో నూరవలెను. సరిగా వేయించని పచ్చడి తిన్నవారికి నల్లేరుమీద బండి నడక అను సామెత గుర్తుకు రాదు.

రణపాల: దీని ఆకును తడిమట్టిపై పరచినచో అంచుల పల్లములనుండి చిన్న మొక్కలు పుట్టును. పిల్లలకు చూపించుటకు ఇంతకన్న మంచి పాఠము లేదు. అయితే ఇది పశువులకు విషము. గుండెపై పనిచేయు పదార్థములు ఆకులలోను, అంతకన్న ఎక్కువగా పూలలోను కలవు. పశువులకొట్టము దగ్గరను, మేకలు తిరుగుచోటను నాటరాదు. మూత్రపిండములలో రాళ్ళకు మంచిదని విని, వైద్యుని అడుగకుండ దినదినము తినుట ప్రమాదము.

కిత్తనార: పొలముగట్టునకు, పెరటి వెనుకవైపునకు తగినది. మూడు నాలుగు అడుగుల ఎడముగా నాటినచో కొన్ని సంవత్సరములలో పశువులు దూరలేని కంచె అగును. ఆకులలోని నారతో పగ్గములు పేనవచ్చును. ప్రతి మొక్కయు అనేక సంవత్సరములకు ఒకేసారి పొడవైన కాడ వేసి పూచి, ఆ పిదప చచ్చును. అది తెగులు కాదు. చుట్టునున్న పిలకలు ఆ చోటు నింపును. దీని ముల్లు కంటి ఎత్తున నుండును. కాలిబాటకు ఆరడుగుల లోపల నాటవద్దు.

నాగజెముడు: ఈ మొక్క కథ రైతు తప్పక తెలిసికొనదగినది. ఇది అమెరికా ఖండమునుండి వచ్చినది. కంచెకు మంచిదని నాటిన ముళ్ళజాతి ఒకటి తమిళ, తెలుగు ప్రాంతముల బీళ్ళలో అదుపు లేక అల్లుకొనిపోయెను. 1926లో సింహళమునుండి తెప్పించి వదలిన ఒక జాతి ఇంద్రగోపపు పురుగు కొన్ని ఏండ్లలోనే దానిని అణచివేసెను. కాబట్టి విరిగిన అట్టలను బీటిలోను, చెరువుగట్టుపైనను పారవేయరాదు. ఒక్క అట్ట పడినచోట ఒక పొద లేచును.

ఇప్పుడు కరవు మేతగా ముళ్ళులేని రకములు వచ్చినవి. అట్టను రెండు వారములు ఆరనిచ్చి, మూడవ వంతు మట్టిలోనుండునట్లు నాటవలెను. అట్టలో పదింట తొమ్మిది పాళ్ళు నీరే. గనుక దానిని ముక్కలుగా తరిగి, ఎండుచొప్పతోగాని, గడ్డితోగాని కలిపి పెట్టవలెను. అదొక్కటే పెట్టినచో పశువునకు పారుడు పట్టును, బలము రాదు. ముళ్ళు లేకున్నను, కంటికి కనబడని నూగుముళ్ళు ఉండును. చేతితొడుగులు లేక ముట్టరాదు. నూగు గ్రుచ్చుకొన్నచో అంటుపట్టీ వేసి లాగినచో కొంతవరకు ఊడివచ్చును.

పూలకొరకు: ఎడారిగులాబి అను అడీనియమ్ లావైన మొదలుతో, ఎర్రని పూలతో అందముగా ఉండును. చలికాలమున ఆకు రాల్చును. అప్పుడు నీరు దాదాపుగా మానవలెను. గడ్డిగులాబి చిన్న తుంపులతోనే వచ్చును, కుండీ అంచులకు శోభనిచ్చును. ఎడారిగులాబి రసము విషము. ఆఫ్రికాలో కొన్ని జాతులవారు దానిని బాణములకు పూసెడివారు. పసిపిల్లలున్న ఇంట అందకుండ ఉంచవలెను.

కుళ్ళు, పురుగులు

కుళ్ళు కనబడిన వెంటనే మొక్కను పెరికి, వేళ్ళ మట్టి దులిపి చూడుడు. నల్లబడి మెత్తబడిన భాగమును, శుభ్రమైన కత్తితో, లోపల తెల్లని గట్టికండ కనబడువరకు కోసివేయుడు. ప్రతి కోతకు కత్తిని తుడువవలెను. మిగిలిన భాగమును వారము దినములు నీడలో ఆరనిచ్చి, పొడి ఇసుకలో నాటి, మరియొక వారము నీరు పోయక ఉంచుడు. మొక్క పూర్తిగా పోయినను, పై తుంపు దక్కవచ్చును. పాత మట్టిని మరల వాడవద్దు.

పిండినల్లి ఆకు మొదళ్ళలో తెల్లని దూదివలె పట్టును. నాలుగైదు మొక్కలే ఉన్నచో స్పిరిటులో ముంచిన దూదితో తుడిచివేయుట సులభము. ఎక్కువగా ఉన్నచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లి, వారమునకు మరల చల్లుడు. ఎండలో చల్లినచో ఆకులు కాలును. చీమలు బారులు తీరియున్నచో పిండినల్లి ఉన్నదని అర్థము. నాగజెముడుపై దూదివంటిది కనబడి, నలిపినచో ఎర్రని రంగు వచ్చినచో అది ఇంద్రగోపపు పురుగు. పట్టిన అట్టలను కోసి తగులబెట్టవలెను.

పాలుకారు జెముళ్ళు: కండ్లు జాగ్రత్త

బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు కంచెలకు వాడుచుండుట మామూలే. వీని తెల్లని పాలు చర్మమును పొక్కించును. కంటిలో పడినచో తీవ్రమైన మంట, వాపు కలిగి చూపునకే ముప్పు రావచ్చును. కంచె నరుకునప్పుడు కళ్ళద్దములు, చేతితొడుగులు, పూర్తిచేతుల చొక్కా తప్పక ధరింపవలెను. గాలికి ఎదురుగా నిలిచి నరుకవద్దు. పాలు అంటిన చేతితో ముఖము తుడుచుకొనవద్దు.

పాలు కంటిలో పడినచో ఆలస్యము చేయక, మంచినీటిని ధారగా పోయుచు కనీసము పదిహేను నిమిషములు కడుగుడు. పసరులు, చనుబాలు, నెయ్యి వేయవద్దు. వెంటనే కంటి వైద్యుని చూడుడు. మంట మొదట స్వల్పముగా ఉండి కొన్ని గంటలకు పెరుగవచ్చును. కావున "తగ్గిపోవునులే" అని ఇంట కూర్చుండరాదు.

ఎకరముల లెక్కన కలబంద వేయదలచినవారికి

పెరటిలో కలబంద బాగుగా వచ్చినదని చూచి, పొలములో వేయవలెనను కోరిక పుట్టుట సహజము. అట్టివారు ముందుగా ఈ లెక్క చూచుకొనవలెను. రెండడుగుల ఎడముగా నాటినచో ఎకరమునకు సుమారు 11,000 పిలకలు పట్టును. పిలక ఖరీదు 3 రూపాయలు అనుకొన్నను, పిలకలకే 33,000 రూపాయలు కావలెను. మొదటి కోత వరకు రాబడి ఉండదు.

అంతకన్న ముఖ్యమైనది మరియొకటి. కలబంద ఆకు ధాన్యమువలె నిలువయుండునది కాదు. ఆకులో నూటికి 95 పాళ్ళకు పైగా నీరే. కోసిన కొన్ని గంటలలోనే గుజ్జు గుణము తగ్గ నారంభించును. అందుచేత గుజ్జుతీయు కర్మాగారము దగ్గరలో ఉండి, కోసిన దినముననే ఆకు చేరవలెను. కిరాయి బండిలో దూరప్రాంతమునకు పంపుట నీటిని మోసి అమ్ముటవంటిదే.

పిలకలు అమ్మజూపువారు లాభముల లెక్క కాగితముపై చూపుదురు. "పంట మేమే కొందుము" అని కూడ చెప్పుదురు. పంట చేతికి వచ్చు వేళకు కొందరు కనబడక పోయిన సందర్భములు లేకపోలేదు. కావున పిలకలు కొనుటకు ముందే, ఆకు కొనువారెవరు, ఏ ధరకు, ఎంత కాలమునకు, తూకము ఎక్కడ, రవాణా ఎవరిది అను విషయములను వ్రాతపూర్వకముగా తీసికొనుడు. ఆ కర్మాగారమును కండ్లార చూడుడు. ఇంతకుముందు వారికి ఆకు అమ్మిన ఇద్దరు రైతులతో మాటలాడుడు. ఆకు కొనువాడు లేనిచోట, కలబందకు పెరటిలో పది మొక్కలే సరియైన విస్తీర్ణము.

ఏ కాలమున ఏ పని

జూన్: తొలకరి పడిన పిదప పిలకలు, ఆరబెట్టిన కొమ్మలు నాటుట. చివికిన ఎరువు వేయుట.

జూలై నుండి అక్టోబరు: మడుల చుట్టు నీరు నిలువకుండ కాలువ తీయుట. నీరు పోయకుండుట. ముసురు పట్టినచో కుండీలను చూరు క్రిందికి జరుపుట. కలుపు తీయుట.

నవంబరు నుండి జనవరి: నీరు బాగుగా తగ్గించుట. పిండినల్లి పరిశీలించుట.

ఫిబ్రవరి, మార్చి: పిలకలు వేరుచేయుట, ఇరుకైన కుండీలు మార్చుట.

ఏప్రిల్, మే: కుండీ మొక్కలకు మధ్యాహ్నపు నీడ. పుల్లతో పరీక్షించి తడి ఇచ్చుట. సాయంకాలము పోయుట మేలు.

ముగింపు

ఈ మొక్కలకు మీరు ఇయ్యవలసినది మూడే: ఎండ, నీరు ఇంకిపోవు నేల, ఓపిక. ఇందులో మూడవది కొంచెము కష్టము. మొక్కను చూచినప్పుడెల్ల చెంబుతో నీరు పోయవలెనని చేయి లాగును. ఆ చేతిని ఆపుకొన్నచో, రోహిణి కార్తెలో వీధిలోని పెరళ్ళన్నియు మాడియున్నప్పుడు మీ పెరటిలో ఒక మూల పచ్చగా ఉండును. ఈ తొలకరికి పొరుగింటినుండి ఒక కలబంద పిలక, ఒక నల్లేరు ముక్క తెచ్చి మొదలుపెట్టుడు. అవి పిలకలు వేసిన తరువాత మీరును మరియొక ఇంటికి ఇయ్యుడు.